ఆరు వేళ్లతో ఎక్కిన కొండలు

1950ల తొలినాళ్లు. డెహ్రాడూన్‌లోని సైనిక శిక్షణ సంస్థలో బాక్సింగ్ పోటీ జరుగుతోంది. ఒక పక్క కొత్తగా చేరిన పొట్టి కుర్రాడు. ఎదురుగా తనకంటే సీనియర్, బలవంతుడు. గంట కొట్టగానే కుర్రాడు తల వంచుకుని ఎద్దులా దూకాడు. దెబ్బ తిన్నాడు. మళ్లీ దూకాడు. మళ్లీ తిన్నాడు. పోటీ ముగిసేదాకా అదే వరస. చివరికి ఓడిపోయాడు.

ఆ సీనియర్ పేరు సునీత్ ఫ్రాన్సిస్ రోడ్రిగ్స్. తర్వాతి రోజుల్లో భారత సైన్యాధిపతి అయ్యాడు. ఓడిన కుర్రాడి పేరు నరేంద్ర కుమార్. గెలిచినవాడికి ఆ రోజు ఏ బహుమతి ఇచ్చారో ఎవరికీ గుర్తులేదు. ఓడినవాడికి మాత్రం తోటివాళ్లు ఒక పేరు ఇచ్చారు: బుల్. 87 ఏళ్లు బతికిన ఆయన వెంట ఆ పేరు చివరిదాకా నడిచింది. ఈ రోజుకీ దేశం ఆయన్ని ‘బుల్’ కుమార్ అనే తలుచుకుంటుంది.

ఓడిపోయిన పోటీలో వచ్చిన పేరుతో ఒక మనిషి జీవితాంతం గర్వంగా బతికాడంటే, గెలుపోటముల గురించి మనం మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. కల్నల్ నరేంద్ర కుమార్ 1933 డిసెంబర్ 8న రావల్పిండిలో పుట్టారు. కుమావూ రెజిమెంట్‌లో అధికారి అయ్యారు. 2020 డిసెంబర్ 31న ఢిల్లీలో కన్నుమూశారు. ఈ రెండు తేదీల మధ్య ఆయన పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. పోయినవాటిని తలుచుకుంటూ కూర్చోకుండా మిగిలినదాన్ని పూర్తిగా వాడుకోవడం ఎలాగో ఆ జీవితం చెబుతుంది. అది మనందరికీ పనికొచ్చే విద్య.

పోయినవి నాలుగు, మిగిలినవి ఆరు

బదరీనాథ్ యాత్రకు వెళ్లినవాళ్లకు నీలకంఠ పర్వతం తెలుసు. తెల్లవారుజామున గుడి వెనక బంగారు రంగులో మెరిసే కొండ అదే. ఎత్తు 6,596 మీటర్లు. మనం కింద నిలబడి దండం పెట్టుకునే ఆ కొండ మీదికి 1961లో కుమార్ తన జట్టును తీసుకెళ్లారు. ఆ యాత్రలో మంచుకాటుకు కాలివేళ్లు నాలుగు పోయాయి.

మంచుకాటు అంటే మామూలు చలి కాదు. ఒళ్లు విపరీతంగా చల్లబడినప్పుడు గుండెను కాపాడుకోవడానికి శరీరం చేతులకూ కాళ్లకూ రక్తాన్ని తగ్గించేస్తుంది. రక్తం అందని వేళ్లు గడ్డకడతాయి. మొదట మొద్దుబారతాయి, తర్వాత నల్లబడతాయి, ముదిరితే చివరికి తీసేయక తప్పదు. నిట్టనిలువు మంచుగోడ మీద బరువంతా కాలి మునివేళ్ల మీదే నిలబెట్టాలి. అలాంటి వేళ్లు నాలుగు పోతే కొండలెక్కే మనిషికి సగం ఆస్తి పోయినట్టే.

ఎత్తైన ప్రదేశాల్లో ఉద్యోగానికి పనికిరాడని వైద్యపరంగా ముద్ర పడింది.  ముప్పై కూడా నిండని మనిషికి, ప్రాణంగా ప్రేమించిన పని ఇక నీది కాదని కాగితం మీద రాసిచ్చారు. అక్కడితో ఆగిపోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. సాకు చూపించడానికి బూట్లు విప్పితే చాలు.

ఆయన ఆగలేదు. తన ప్రాణానికి తనదే బాధ్యత అని రాసిచ్చి మరీ కొండల్లోకి వెళ్లారు. 1964లో నందాదేవి మీదికి వెళ్లిన జట్టుకు ఆయనే నాయకుడు. 1965 ఎవరెస్ట్ యాత్రలో ఉపనాయకుడు. 1970లో భూటాన్‌లోని చోమోల్హరి, 1977లో కాంచనజంగ, ఆ తర్వాత సియాచిన్ మంచునది. ఆయన్ని మనం తలుచుకునే ఘనకార్యాల్లో చాలా భాగం ఆ నాలుగు వేళ్లూ పోయాక చేసినవే!

మీ విషయానికి రండి. ఏదో ఒకటి పోయే ఉంటుంది. ఉద్యోగం, రెండేళ్లు చదివినా రాని ర్యాంకు, వ్యాపారంలో పెట్టిన డబ్బు, ఆరోగ్యం. ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పోయింది రాయండి, ఒక్క వాక్యంలో. కుడివైపు మిగిలినవి రాయండి: వచ్చిన పని, తెలిసిన మనుషులు, చేతిలో ఉన్న సమయం, నిలబడ్డ ఆరోగ్యం. కుడివైపు పది వచ్చేదాకా లేవకండి. ఎడమవైపు కొత్తగా చేయగలిగింది ఏమీ ఉండదు. రేపు ఉదయం లేచి చేయాల్సిన పనంతా కుడివైపే ఉంటుంది.

వెనక్కి తిరిగిన అడుగు

1960 మే నెల. మొదటి భారత ఎవరెస్ట్ యాత్ర. బ్రిగేడియర్ జ్ఞాన్ సింగ్ నాయకుడు. శిఖరానికి బయల్దేరినవాళ్లలో ముగ్గురు: నవాంగ్ గోంబు, సోనం గ్యాట్సో, నరేంద్ర కుమార్. 28,300 అడుగుల దాకా వెళ్లారు. శిఖరం ఇంకా 700 అడుగులు. మన ఊళ్లో అయితే అది వీధి చివరి కిరాణా కొట్టు దాకా నడక. అక్కడ గాలి వాళ్లను ముందుకు కదలనివ్వలేదు. వెనక్కి తిరిగారు.

‘బుల్’ అని పేరున్న మనిషి వెనక్కి తిరిగాడు. ఈ మాట రెండోసారి చదవండి. మొండిగా దూకడమే ధైర్యమని చాలామంది అనుకుంటారు. బాక్సింగ్ బరిలో దూకితే ముక్కు పగులుతుంది, అంతే. ఎవరెస్ట్ మీద దూకితే ఇంటికి కబురు వెళుతుంది. ఎక్కడ దూకాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన ధైర్యమే పదికాలాలు పనికొస్తుంది.

లెక్క చూడండి. 1960లో వెనక్కి తిరిగిన మనిషి 2020 దాకా బతికాడు. నందాదేవి, కాంచనజంగ, సియాచిన్, పెళ్లి, పిల్లలు, ఆ పిల్లల విజయాలు అన్నీ ఆ 60 ఏళ్లలోనే ఉన్నాయి. ఆ 700 అడుగుల కోసం ప్రాణం పణంగా పెట్టి ఉంటే ఇవేవీ లేవు.

అందుకే పెద్ద పని మొదలుపెట్టేముందే, ఎక్కడ ఆగాలో రాసిపెట్టుకోండి. వ్యాపారంలో ఎంత డబ్బు దాకా పెడతారు? ఈ పరీక్ష ఎన్నిసార్లు రాస్తారు? కొడుకు ఫీజు, అమ్మ మందులు, ఇంటి అద్దె అనే మూడింటినీ ముట్టుకోనని ముందే గీత గీసుకోండి. వేడిలో ఉన్నప్పుడు బుర్ర పనిచేయదు. చల్లగా ఉన్నప్పుడు గీసిన గీతే మిమ్మల్ని కాపాడుతుంది. ఆ గీత దాకా మాత్రం ఎద్దులా దూకండి. సగం మనసుతో వద్దు.

ఏరు దాటాక తెప్పను దాచినవాడు

ఎవరెస్ట్ శిఖరం మీద బుల్ కుమార్ కాలు మోపలేదు. 1965లో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలో వెళ్లిన భారత జట్టు నుంచి తొమ్మిదిమంది శిఖరం చేరి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఉపనాయకుడు కుమార్ ఆ తొమ్మిదిమందిలో లేరు. 1960లో ఆయనతోపాటు వెనక్కి తిరిగిన గోంబు, గ్యాట్సో ఇద్దరూ ఉన్నారు.

పర్వతం మీద ఒక్కడు శిఖరం చేరాలంటే కింద పదులకొద్దీ మనుషులు మోయాలి. ఆక్సిజన్ సీసాలు ఏ క్యాంపులో ఎన్ని ఉండాలి, ఏ జత ఏ రోజు కదలాలి, ఎవరికి దగ్గు మొదలైంది, ఎవరిని దించాలి అని లెక్క చూసేవాళ్లు ఉండాలి. ఫొటోలో జెండాతో నిలబడేది ఇద్దరు. ఆ ఫొటో వెనక ఉన్న జట్టులో కుమార్ తనకు మిగిలిన అనుభవాన్నంతా పోశారు.

1977లో ఆ అనుభవం పండింది. కాంచనజంగ ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం, 8,586 మీటర్లు. 1955లో బ్రిటిష్ జట్టు ఒకసారి ఎక్కాక 22 ఏళ్లపాటు మరెవరూ పైకి చేరలేదు. ఈశాన్యపు అంచు మీదుగా జర్మన్లు 1929లోనూ 1931లోనూ ప్రయత్నించి వెనుదిరిగారు. కుమార్ నాయకత్వంలో భారత సైన్యం జట్టు ఆ దారినే ఎంచుకుంది. మే 31న మేజర్ ప్రేమ్‌చంద్, నాయక్ నీమా దోర్జే షెర్పా పైకి చేరారు. సిక్కిం ప్రజలకు ఆ కొండ దైవం కాబట్టి చివరి కొద్ది అడుగులు తొక్కకుండా గౌరవంగా ఆగారు. ఆ రోజు శిఖరం దగ్గర కుమార్ లేరు. గెలుపు మాత్రం ఆయనది కూడా.

మనలో చాలామంది ఏరు దాటాక తెప్ప తగలేస్తారు. ఉద్యోగం వచ్చాక ఆ పుస్తకాలు అటకెక్కుతాయి, తెలిసిన కిటుకు పక్కవాడికి చెప్పరు. మీకు కష్టపడి వచ్చిన విద్య ఏదైనా ఉంటే ఈ ఏడాది ఒక్కరికి పూర్తిగా నేర్పండి. లెక్కలు కావచ్చు, వెల్డింగ్ కావచ్చు, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో కావచ్చు. వాళ్లు మిమ్మల్ని దాటి వెళితే ఆ రోజు మీ ఇంట్లో పాయసం వండండి.

చూసే కన్ను

1977 ప్రాంతంలో ఒక జర్మన్ యాత్రికుడు హిమాలయ నదిలో పడవయాత్ర చేయాలని కుమార్ దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో అమెరికాలో అచ్చయిన ఒక పటం ఉంది. వందమంది చూసినా అందులో నదినే చూస్తారు. కుమార్ కన్ను గీత మీద పడింది.

భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పుల విరమణ రేఖ ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గర ఆగిపోతుంది. 1949 కరాచీ ఒప్పందంలో, అక్కడి నుంచి ఉత్తరంగా మంచునదుల దాకా అని మాత్రమే రాసి వదిలేశారు. ఆ పటంలో మాత్రం గీత ఆ బిందువు నుంచి ఈశాన్యంగా కారకోరం కనుమ దాకా సాగింది. అంటే 70 కిలోమీటర్లకు పైగా పొడవున్న సియాచిన్ మంచునది మొత్తం అవతలి పక్కకు పోయింది!

కుమార్ ఆ పటాన్ని సైనిక కార్యకలాపాల విభాగం అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎం.ఎల్. చిబ్బర్ దగ్గరికి తీసుకెళ్లారు. అనుమతి తీసుకుని 1978లో సియాచిన్‌కు యాత్ర నడిపారు. ఆ మంచు మీద వేరే దేశాల యాత్రికులు వదిలి వెళ్లిన ఖాళీ డబ్బాలు, చెత్త దొరికాయి. మనకు తెలియకుండా మన ఇంటి పెరట్లో ఎవరో తిరిగిన ఆనవాళ్లు అవి. 1981లో మళ్లీ వెళ్లి, మంచునది ముఖం దగ్గర మొదలుపెట్టి చిట్టచివర ఉన్న ఇందిరా కోల్ అనే కనుమ దాకా నడిచారు. అప్పుడు ఆయన వయసు 47. కాలివేళ్లు ఆరు.

ఆ యాత్రల్లో గీసిన పటాలు, తీసిన ఫొటోలు, రాసిన వివరాలే 1984 ఏప్రిల్ 13న సియాచిన్ కోసం భారత సైన్యం మొదలుపెట్టిన ఆపరేషన్ మేఘదూత్‌కు దారి చూపాయి. సియాచిన్ మీద ఆయన పేరుతో కుమార్ బేస్ ఉంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ మంచుచరియ కింద చిక్కుకుని ప్రాణాలు కోల్పోయిన పదిమందిలో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఒకరు. ఎండకు మాడే రాయలసీమ పల్లెకూ ఆ మంచుకూ మధ్య బంధం అంత దగ్గరిది.

ఇందులో మనకు పనికొచ్చేది చూపు. రోజూ మీ చేతిలోంచి పోయే కాగితాలను, బిల్లును, ఒప్పందాన్ని, పిల్లాడి ప్రోగ్రెస్ కార్డును వారానికి ఒక్కసారైనా అక్షరం అక్షరం చదవండి. ఏదైనా తేడా కనిపిస్తే ‘మనకెందుకులే’ అని మడిచి పెట్టకండి. సరైన మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. ఫిర్యాదుతో ఆగకుండా, ఆ పని చేయడానికి నేను వెళతానని కూడా చెప్పండి. కుమార్ చేసింది ఈ రెండోదే.

ఇంట గెలిచినవాడు

సాహసికుల ఇళ్లలో తరచూ ఒక బాధ ఉంటుంది. ఆయన పేరు పేపర్లో, ఇంట్లో ఖాళీ కుర్చీ. కుమార్ ఇల్లు కూడా ఆ భయాన్ని మోసింది. తమ్ముడు మేజర్ కిరణ్ కుమార్ 1985లో ఎవరెస్ట్ మీదే జారిపడి చనిపోయాడు. తన ప్రాణానికి తనదే బాధ్యత అని భర్త రాసిచ్చిన కాగితం వెనక, భార్య మృదుల గారు ఎన్ని రాత్రులు మేలుకున్నారో ఆమెకే తెలియాలి. సాహసం చేసేవాడు ఒకడైతే, దాని బరువు మోసేది ఇల్లంతా.

ఆయన ఆ ఇంటిని తన మంచుకు దూరంగా ఉంచలేదు. గుల్మార్గ్‌లో స్కీయింగ్ శిక్షణను నిలబెట్టినవాళ్లలో ఆయన ఒకరు. కూతురు శైలజ ఆ మంచు మీద పెరిగింది. 1988లో కెనడాలోని కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో పోటీపడింది. శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి భారతీయ మహిళ ఆమె. స్లాలం పోటీలో 28వ స్థానం. చాలామంది పడిపోయి, దారి తప్పి మధ్యలోనే వైదొలిగిన ఆ పందెంలో ఆమె చివరి గీత దాకా వెళ్లింది.

డెహ్రాడూన్ బాక్సింగ్ బరిని ఇప్పుడు మళ్లీ గుర్తుచేసుకోండి. ఆ బరిలో తండ్రికి పతకం రాలేదు, కాల్గరీలో కూతురికీ రాలేదు. గంట కొట్టేదాకా నిలబడటం మాత్రం ఇద్దరికీ వచ్చింది. నాన్న నుంచి బిడ్డకు వెళ్లే అసలు ఆస్తి ఇది. కొడుకు అక్షయ్ కూడా సాహస యాత్రల రంగంలోకే వచ్చాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీ పని ఏదైనా, ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. పొలమైతే పొలానికి, దుకాణమైతే దుకాణానికి, ఆఫీసైతే ఆఫీసుకు. నాన్న అలసట ఎక్కడి నుంచి వస్తుందో, అమ్మ మౌనంగా ఎందుకు ఉంటుందో వాళ్లు కళ్లారా చూడనివ్వండి. మీ కష్టాన్ని చూసిన పిల్లలకు మీరు ప్రత్యేకంగా నీతులు చెప్పాల్సిన పనుండదు.

మగ్గు మీద గీకిన నంబరు

కుమార్ లాంటి సైనికులు మనకు దూరంగా ఏమీ లేరు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే గుర్తుపడతారు. రెండు ప్రపంచ యుద్ధాల నుంచి ఈనాటి దాకా సైనికులను పంపుతూనే ఉన్న ఊరు. అలాంటి మనుషులు మన ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉన్నారు. మనం వాళ్లను పింఛను రోజున బ్యాంకు క్యూలో చూస్తాం, నమస్కారం పెట్టి వచ్చేస్తాం.

మా వీధి చివర ఒక సుబేదారు తాత ఉండేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎనామెల్ మగ్గులో టీ తాగేవారు. అంచు పెచ్చులూడిన పాత మగ్గు. ఇంట్లో స్టీలు గ్లాసులు డజను ఉన్నా ఆయనకు అదే కావాలి. ఒక రోజు దగ్గరగా కూర్చుంటే మగ్గు అడుగున మేకుతో గీకిన నంబరు కనిపించింది. ఏంటి తాతా ఇది అని అడిగాను.

ఆయన మగ్గు తిప్పి చూసుకున్నారు. అది ఆయన సర్వీసు నంబరు. ఒకరి మగ్గు ఒకరికి మారిపోకుండా గీకుకున్నారట. ఎత్తైన పోస్టులో నీళ్లు ఉండవు, మంచే కరిగించుకోవాలి. ఆ మగ్గు నిండా మంచు కుక్కి స్టవ్ మీద పెడితే కాసేపటికి అడుగున రెండు గుక్కల నీళ్లు మిగులుతాయి. మళ్లీ కుక్కాలి, మళ్లీ కరగాలి. నలుగురికి టీ కావాలంటే గంట పడుతుంది. ఆ గంటసేపూ పక్కవాడికి నిద్ర పట్టకుండా ఊరి కబుర్లు చెప్పడం ఆయన డ్యూటీ.

గుమ్మంలో ఫోను చూస్తూ నిలబడ్డ మనవడు ఎప్పుడు వచ్చి మా పక్కన కూర్చున్నాడో గమనించలేదు. “ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు తాతా?” అన్నాడు. “నువ్వు అడగలేదుగా నాయనా” అన్నారాయన. మాటలో నిష్ఠూరం లేదు. మగ్గు మనవడి చేతికిచ్చి, ఇంకాస్త టీ పోసుకు రమ్మన్నారు.

మీ ఇంట్లో కూడా ఒక పెద్దాయన ఉన్నారు, లేదా ఒక పెద్దావిడ. సైన్యం కాకపోవచ్చు. రైల్వే గ్యాంగులో పట్టాలు మోసి ఉండవచ్చు, తుపానులో పిల్లలను నెత్తిన పెట్టుకుని ఊరు దాటి ఉండవచ్చు. వాళ్ల జీవితం వాళ్లు పోయాక మీకు దొరికేది కాదు. ఈ ఆదివారం గంటసేపు పక్కన కూర్చోండి. ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానంటారు, కథ అక్కడితో సరి. వస్తువు చూపించి అడగండి: ఈ మచ్చ ఎలా వచ్చింది? ఈ పెట్టె ఎక్కడ కొన్నారు? ఈ ఫొటోలో చివర నిలబడ్డది ఎవరు? వాళ్లు చెబుతుంటే మధ్యలో మాట అందించకండి. కుదిరితే ఫోనులో రికార్డు చేయండి. ఊళ్లు, సంవత్సరాలు, మనుషుల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి.

అలా రాస్తుంటే మీకే తెలుస్తుంది, ఆ జీవితంలో కూడా పోయినవి చాలా ఉన్నాయని. భూమి, అన్నదమ్ములు, చదువు, ఒక కాలివేలు. మిగిలినదానితోనే వాళ్లు ఇల్లు కట్టారు, పెళ్లిళ్లు చేశారు, మిమ్మల్ని ఇక్కడిదాకా మోసుకొచ్చారు. కల్నల్ కుమార్ పతకాలు మనకు రాకపోవచ్చు. ఆయన లెక్క మాత్రం మన ఇంట్లోనే ఎవరో ఒకరు చేసి చూపించారు. వెళ్లి అడగండి. వాళ్ల చేతిలో మగ్గు ఇంకా వెచ్చగానే ఉంది.